చెప్పు, చూడు, చేయు: దగ్గరి అర్థాలున్న ఇంగ్లీషు క్రియల్లో సరైనదాన్ని ఎంచుకోవడం ఎలా?

సే, టెల్ రెండింటికీ నిఘంటువులో 'చెప్పు' అనే ఉంటుంది. సీ, లుక్, వాచ్ మూడింటికీ 'చూడు'. డూ, మేక్ రెండింటికీ 'చేయు'. అర్థాన్ని బట్టి ఎంచుకుందామనుకుంటే అక్కడే బండి ఆగిపోతుంది, ఎందుకంటే అర్థం దాదాపు ఒకటే. తేడా అంతా క్రియ చుట్టుపక్కల ఉంటుంది: పక్కన మనిషి వస్తాడా మాట వస్తుందా, మధ్యలో 'టు' కావాలా వద్దా, పని కావాలని చేసిందా దానంతటదే జరిగిందా, ఎవరి వైపు నుంచి చూస్తున్నాం. ఈ ప్రశ్నల్ని ఒక వరుసలో వేసుకుంటూ పోతే చాలా జంటలు విడివడతాయి. పైగా ఈ తేడాల్లో సగానికి సగం తెలుగులోనూ ఉన్నాయి. తెలుగులో ఆలోచించడం వల్ల ఇంగ్లీషు పాడవుతుందని అంటుంటారు గానీ, క్రియల విషయంలో తెలుగులో సరిగ్గా ఆలోచించకపోవడం వల్లే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

మొదటి అడుగు: క్రియ పక్కన వచ్చేది మనిషా, మాటా?

టెల్ పక్కన వినేవాళ్లు వెంటనే రావాలి. సే పక్కన అన్న మాట వస్తుంది. సే వాడినప్పుడు వినేవాళ్లెవరో చెప్పాలంటే 'టు' పెట్టాలి.

'షీ టోల్డ్ మీ ది న్యూస్' సరైన వాక్యం. 'షీ సెడ్ మీ ది న్యూస్' తప్పు. 'షీ టోల్డ్ టు మీ' కూడా తప్పే. 'షీ సెడ్ టు మీ' ఒప్పు. తప్పు ఎక్కణ్నుంచి వస్తుందంటే, 'నాకు చెప్పింది'లోని 'కు'ను మనం యథాతథంగా 'టు' చేసేస్తాం. టెల్‌కు ఆ 'కు' అక్కర్లేదు, సేకు కావాలి.

దీనికి తెలుగులోనే ఒక దారి ఉంది. 'అన్నాడు' అని వస్తే సెడ్, 'నాకు చెప్పాడు' అని వస్తే టోల్డ్ మీ. 'రాజు వస్తానన్నాడు' అంటే 'రాజు సెడ్ హీ వుడ్ కమ్'. 'వస్తానని రాజు నాకు చెప్పాడు' అంటే 'రాజు టోల్డ్ మీ హీ వుడ్ కమ్'. ఈ దారి ఒక్కచోట తప్పుతుంది. 'రమ్మన్నాడు', 'నడవమన్నారు', 'తినొద్దన్నారు' లాంటి వాటిలో 'అన్నారు' ఉన్నా అవి ఆదేశాలు, సలహాలు. అక్కడ టెల్, ఆ వెంటనే మనిషి, ఆపైన 'టు' తో పని: 'ది డాక్టర్ టోల్డ్ మీ టు వాక్ ఎవ్రీ డే'. 'సెడ్ మీ టు వాక్' ఎప్పుడూ కుదరదు.

మనిషి లేకుండా టెల్ వచ్చే చోట్లు కొన్నే: టెల్ ది ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ, టెల్ ఎ జోక్, టెల్ ది టైమ్, టెల్ ది డిఫరెన్స్. వీటిని గంపగుత్తగా కంఠతా పట్టడమే మేలు. రాసి ఉన్న మాటకు మాత్రం సే: 'ది బోర్డ్ సేస్ నో పార్కింగ్'.

ఈ రెండు క్రియల వెనక రెండు కుటుంబాలున్నాయి. టెల్ కుటుంబంలో ఆస్క్, ఇన్‌ఫామ్, అడ్వైజ్, రిమైండ్, వార్న్. వీటి పక్కన మనిషి నేరుగా వచ్చి కూర్చుంటాడు. అందుకే 'ఐ ఆస్క్డ్ టు హిమ్' తప్పు, 'ఐ ఆస్క్డ్ హిమ్' ఒప్పు. సే కుటుంబంలో ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, మెన్షన్, అనౌన్స్. వీటి పక్కన ముందు విషయం రావాలి, మనిషి కావాలంటే 'టు' తోడు తెచ్చుకుని చివర్న రావాలి. సోషల్ మీడియాలో రోజూ కనబడే 'సజెస్ట్ మీ ఎ గుడ్ మూవీ' ఈ నియమాన్ని తప్పింది. 'కెన్ యూ సజెస్ట్ ఎ గుడ్ మూవీ?' అంటే చాలు, అడిగేది మీరే అని అవతలివాళ్లకు తెలుసు. అలాగే 'ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ సమ్' కాదు, 'ఎక్స్‌ప్లెయిన్ దిస్ సమ్ టు మీ'.

తర్వాతి చిక్కు 'గురించి'. డిస్కస్, మెన్షన్, డిస్క్రైబ్ అనే క్రియల్లో 'గురించి' ఇమిడే ఉంది. 'లెట్స్ డిస్కస్ అబౌట్ ది ప్రాజెక్ట్' అంటే అబౌట్ రెండుసార్లు పెట్టినట్టు. 'లెట్స్ డిస్కస్ ది ప్రాజెక్ట్' చాలు. అయితే నామవాచకం దగ్గర కథ వేరు: 'ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాజెక్ట్' ఒప్పే. అసలు ఇక్కడ చాలా తప్పులకు మూలం ఇదే, నామవాచకం వెంట ఉండే చిన్న మాట క్రియ వెంట కూడా వచ్చేస్తుంది. 'మై రిక్వెస్ట్ ఫర్ లీవ్' సరైనది కాబట్టి 'ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్' అంటారు. 'యాన్ ఆర్డర్ ఫర్ బిర్యానీ' ఉంది కాబట్టి 'ఐ ఆర్డర్డ్ ఫర్ బిర్యానీ' అంటారు. 'ఎంఫసిస్ ఆన్' ఉంది కాబట్టి 'ఎంఫసైజ్ ఆన్' అంటారు. క్రియగా వాడినప్పుడు ఆ చిన్న మాటలు తీసేయాలి: రిక్వెస్టెడ్ లీవ్, ఆర్డర్డ్ బిర్యానీ, ఎంఫసైజ్డ్ ది పాయింట్. పోటీ పరీక్షల్లో తప్పు వెతకమనే ప్రశ్నలకు ఇది ఇష్టమైన చోటు.

ఇక స్పీక్, టాక్. ఈ రెండింటి మీద అవసరానికి మించి బుర్ర బద్దలు కొట్టుకుంటారు. భాష పేరు వస్తే స్పీక్: 'షీ స్పీక్స్ తెలుగు'. సభలో ఒకరు లేచి మాట్లాడితే స్పీక్. ఇద్దరు కూర్చుని కబుర్లాడుకుంటే టాక్. ఫోన్‌లో మర్యాదగా 'మే ఐ స్పీక్ టు ది మేనేజర్?'. మిగిలిన చాలా చోట్ల ఏది వాడినా తప్పు కాదు, స్పీక్ కాస్త మర్యాదగా వినిపిస్తుంది, అంతే. గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఈ రెండింటి తర్వాత 'ఫలానా విషయం అని' రాదు. 'హీ స్పోక్ దట్ ది రోడ్ వాజ్ క్లోజ్డ్' అనే వాక్యం ఇంగ్లీషులో లేదు. అక్కడ సెడ్ పెట్టాలి.

పక్కన ఎవరొస్తారు అన్న ఈ ప్రశ్నతోనే ఇంకో రెండు జంటలు తేలిపోతాయి. స్టీల్ పక్కన పోయిన వస్తువు, రాబ్ పక్కన పోగొట్టుకున్న మనిషి లేదా బ్యాంకు. 'మై ఫోన్ వాజ్ రాబ్డ్' అంటే ఫోన్ జేబులోంచి ఎవరో డబ్బు కొట్టేసినట్టు. 'మై ఫోన్ వాజ్ స్టోలెన్' అనాలి. విన్ పక్కన పోటీ లేదా బహుమతి, బీట్ పక్కన ప్రత్యర్థి. 2011లో ముంబై వాంఖడేలో జరిగింది ఇంగ్లీషులో ఇలా వస్తుంది: 'ఇండియా బీట్ శ్రీలంక అండ్ వన్ ది వరల్డ్ కప్'. 'వన్ శ్రీలంక' అంటే ఆ దేశమే బహుమతిగా దక్కిందని.

రెండో అడుగు: కావాలని చేసిందా, దానంతటదే జరిగిందా?

ఇక్కడ తెలుగువాళ్లకు ఉన్న వెసులుబాటు అంతా ఇంతా కాదు. మనకు 'కనిపించు', 'చూడు' వేరు. 'వినిపించు', 'విను' వేరు. సీ, హియర్ దాదాపుగా మన కనిపించు, వినిపించు. లుక్, వాచ్, లిజన్ మన చూడు, విను.

'దారిలో నెమలి కనిపించింది' అంటే 'ఐ సా ఎ పీకాక్'. 'ఆ నెమలిని చూడు' అంటే 'లుక్ ఎట్ దట్ పీకాక్'. 'నెమలి ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాం' అంటే 'వీ స్టుడ్ వాచింగ్'. లుక్, వాచ్ మధ్య తేడా కదలిక, కాలం. ఫోటో కదలదు కాబట్టి 'లుక్ ఎట్ ది ఫోటో'. మ్యాచ్ సాగుతుంటుంది కాబట్టి 'వాచ్ ది మ్యాచ్'. టీవీకి వాచ్. థియేటర్‌లో సినిమాకు సా అన్నా వాచ్డ్ అన్నా సరే. డాక్టర్‌కు చూపించుకోవడానికి మాత్రం 'సీ ఎ డాక్టర్', ఇది కలవడమనే అర్థంలో.

ఆన్‌లైన్ మీటింగుల్లో ఈ తేడా రోజూ పని చేస్తుంది. 'నా మాట వినిపిస్తోందా?' అనే ప్రశ్న ఇంగ్లీషులో 'కెన్ యూ హియర్ మీ?' అవుతుంది. 'కెన్ యూ లిజన్ మీ?' అంటే రెండు తప్పులు: క్రియ తప్పు, పైగా లిజన్ పక్కన మనిషి వచ్చినప్పుడు కావాల్సిన 'టు' లేదు. 'యామ్ ఐ ఆడిబుల్?' మన ఆఫీసుల్లో అందరికీ అలవాటే, తప్పు కాదు గానీ బ్రిటన్, అమెరికాల్లో మామూలుగా 'కెన్ యూ హియర్ మీ?' అనే అంటారు. మరో సంగతి. దానంతటదే జరిగే ఈ క్రియల్ని 'ఇంగ్' రూపంలో కాకుండా 'కెన్'తో వాడతారు. 'మీ స్క్రీన్ కనిపిస్తోంది' అంటే 'ఐ కెన్ సీ యువర్ స్క్రీన్'. 'ఐ యామ్ సీయింగ్' మొదలుపెట్టి పక్కన మనిషి పేరు చెప్పారంటే, ఆ మనిషితో ప్రేమలో ఉన్నారనుకుంటారు.

వెతకడం, దొరకడం కూడా ఈ కోవలోవే. లుక్ ఫర్ అంటే వెతుకు, ఫైండ్ అంటే దొరుకు. 'ఐ యామ్ ఫైండింగ్ మై కీస్' అనకండి, దొరికే వరకు 'లుకింగ్ ఫర్' అనే అనాలి. సెర్చ్ దగ్గర 'ఫర్' ఉండటం, లేకపోవడం అర్థాన్నే మార్చేస్తుంది. 'ది పోలీస్ సెర్చ్డ్ ది హౌస్' అంటే ఇల్లు సోదా చేశారు. 'సెర్చ్డ్ ఫర్ ది హౌస్' అంటే ఇల్లెక్కడుందో వెతికారు. ఫోన్ కనబడక వెతుక్కునేటప్పుడు 'సెర్చింగ్ ఫర్ మై ఫోన్' అనాలి. 'ఫర్' లేకపోతే ఫోన్ తెరిచి లోపల ఏదో వెతుకుతున్నారని అర్థం.

మూడో అడుగు: తానే మారిందా, ఇంకొకరు మార్చారా?

పెరుగు, పెంచు. లేచు, లేపు. గుర్తుండు, గుర్తుచేయు. ఇంగ్లీషు ఈ తేడాను వేరే వేరే క్రియలతో చూపిస్తుంది.

ధర పెరిగింది: 'ది ప్రైస్ రోజ్'. ధర పెంచారు: 'దే రెయిజ్డ్ ది ప్రైస్'. రూపాలు చూడండి. రైజ్, రోజ్, రిజెన్. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్. రెండోదాని పక్కన పెంచిన వస్తువు తప్పనిసరిగా ఉండాలి. అనుమానం వస్తే ఇంక్రీజ్ వాడి గండం గట్టెక్కవచ్చు, అది రెండింటికీ పనికొస్తుంది.

పడుకోవడం లై, పడుకోబెట్టడం లేదా పరచడం లే. ఇక్కడ మాత్రం ఇంగ్లీషే మనల్ని ఏడిపిస్తుంది, ఎందుకంటే మొదటిదాని భూతకాలం రెండోదాని వర్తమానంలా ఉంటుంది. పడుకొను: లై, లే, లెయిన్. పరచు: లే, లెయిడ్, లెయిడ్. అబద్ధమాడు: లై, లైడ్, లైడ్. 'నిన్న సోఫా మీద పడుకున్నాను' అంటే 'ఐ లే ఆన్ ది సోఫా'. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా మాటల్లో 'లెయిడ్' అనేస్తుంటారు. పరీక్షలో, రాతలో మాత్రం జాగ్రత్త.

పిల్లల విషయంలో గ్రో దగ్గర తడబడతారు. 'ఐ వాజ్ గ్రోన్ ఇన్ గుంటూర్' అంటే గుంటూరులో మిమ్మల్ని మిరపలా పండించారని. నేను పెరిగాను: 'ఐ గ్రూ అప్ ఇన్ గుంటూర్'. నన్ను పెంచారు: 'ఐ వాజ్ రెయిజ్డ్', లేదా 'బ్రాట్ అప్'.

రిమెంబర్ మన మనసులో జరిగేది, రిమైండ్ ఇంకొకరికి చేసేది. 'రిమైండ్ మీ టు కాల్ హర్' ఒప్పు, రిమెంబర్ అక్కడ పొసగదు. రిమెంబర్ తర్వాత వచ్చే రూపం మీద కూడా ఒక కన్నేయాలి. 'ఐ రిమెంబర్డ్ టు లాక్ ది డోర్' అంటే మర్చిపోకుండా తాళం వేశాను. 'ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్' అంటే తాళం వేసిన సంగతి నాకు గుర్తుంది.

నాలుగో అడుగు: ఎటు నుంచి ఎటు?

తీసుకునేవాళ్లది బారో, ఇచ్చేవాళ్లది లెండ్. 'కెన్ యూ బారో మీ 500 రుపీస్?' తప్పు. అడిగేది మీరైతే 'కెన్ ఐ బారో' అని, అవతలివాళ్లతో మొదలుపెడితే 'కెన్ యూ లెండ్ మీ' అని అనాలి. మన 'అప్పు తీసుకొను, అప్పు ఇచ్చు'లో దిక్కు రెండో మాటలో ఉంటే, ఇంగ్లీషులో అది క్రియలోనే ఉంది. రెంట్ మాత్రం ఇటూ అటూ పనిచేస్తుంది. అందుకే ఇంటి యజమాని సంగతి చెప్పేటప్పుడు బ్రిటన్‌లో లెట్, అమెరికాలో రెంట్ అవుట్ అని స్పష్టం చేస్తారు.

బ్రింగ్, టేక్ మన తీసుకురా, తీసుకెళ్లు లాంటివే, ఇబ్బంది లేదు. కమ్, గో కూడా అంతే. ఫోన్‌లో 'రేపు మీ ఇంటికి వస్తాను' అంటే ఇంగ్లీషులోనూ 'ఐ విల్ కమ్'. ఒక్క 'వెళ్లొస్తాను' మాత్రం 'ఐ విల్ గో అండ్ కమ్' అవ్వదు. తిరిగొచ్చేది ఉంటే 'ఐ విల్ బీ బ్యాక్', ఇంటికి వెళ్తూ సెలవు తీసుకుంటుంటే 'సీ యూ' లేదా 'బై'.

ఐదో అడుగు: పనా, స్థితా?

తెలుగులో ఒక విచిత్రం ఉంది. 'ఆమె పట్టుచీర కట్టుకుంది' అన్నామంటే కట్టుకోవడం అయిపోయింది, ఇప్పుడు ఒంటి మీద ఉంది. భూతకాలం రూపంతో మనం ఇప్పటి స్థితిని చెబుతున్నాం. ఇంగ్లీషులో అది 'షీ ఈజ్ వేరింగ్ ఎ సిల్క్ శారీ'. 'కట్టుకుంటోంది' అంటే ఇంకా కుచ్చిళ్లు పోసుకుంటోందని, అక్కడ 'షీ ఈజ్ పుటింగ్ ఆన్'. 'కళ్లజోడు పెట్టుకున్నాడు', 'కుర్చీలో కూర్చున్నాడు', 'పడుకున్నాడు' అన్నీ ఇదే బాపతు. 'వాడు కూర్చున్నాడు' అన్నది ఇప్పటి దృశ్యమైతే 'హీ ఈజ్ సిటింగ్'. వచ్చి కూర్చున్న ఘటనైతే 'హీ శాట్ డౌన్'. తెలుగు క్రియ రూపం చూసి అనువదించకుండా, ఆ మనిషి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో చూసుకోవాలి.

స్థితిని చెప్పే నో, అండర్‌స్టాండ్, వాంట్, బిలాంగ్, ఓన్ లాంటి క్రియలకు మామూలుగా 'ఇంగ్' రాదు. 'ఐ యామ్ నోయింగ్ హిమ్' తప్పని అందరికీ తెలుసు. 'అర్థమవుతోంది' దగ్గరే కాలు జారుతుంది, 'ఐ యామ్ అండర్‌స్టాండింగ్' అనేస్తారు. 'ఐ అండర్‌స్టాండ్' చాలు. తెలిసి ఉండటం నో, తెలుసుకున్న క్షణం ఫైండ్ అవుట్ లేదా హియర్: 'ఐ హర్డ్ యూ గాట్ ఎ జాబ్'. 'ఐ కేమ్ టు నో' వ్యాకరణం ప్రకారం సరైనదే, కాకపోతే మన దగ్గర దాన్ని అరగదీశారు.

ఆరో అడుగు: 'చేయు'ను విడగొట్టండి

ఏదో కొత్తగా తయారైతే మేక్, పని జరిగితే డూ. ఈ సూత్రం సగం దూరం తీసుకెళ్తుంది: మేక్ టీ, మేక్ దోశ, మేక్ ఎ లిస్ట్, మేక్ ఎ నాయిస్. డూ హోంవర్క్, డూ ది డిషెస్, డూ ది లాండ్రీ, డూ ఎ కోర్స్, డూ రీసెర్చ్. 'మేక్ ది బెడ్' దగ్గరికొచ్చేసరికి సూత్రం పనిచేయదు, దుప్పటి సర్దితే మంచం కొత్తగా తయారవ్వదు కదా. కాబట్టి మిగతా సగాన్ని జోడుమాటలుగా గుర్తుంచుకోవాలి. ఎక్కువగా తప్పేవి ఇవి: మేక్ ఎ మిస్టేక్, మేక్ ఎ ప్రామిస్, మేక్ ఎన్ ఎఫర్ట్, మేక్ ప్రోగ్రెస్, మేక్ ఎ ఫోన్ కాల్, మేక్ ఎన్ ఎక్స్‌క్యూజ్. డూ వైపు: డూ ఎ ఫేవర్, డూ యువర్ బెస్ట్, డూ డ్యామేజ్, డూ బిజినెస్. నిర్ణయానికి మేక్ ఎక్కడైనా చెల్లుతుంది, 'టేక్ ఎ డెసిషన్' బ్రిటిష్ ఇంగ్లీషులో కూడా వింటాం.

అసలు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఇక్కడ 'చేయు'కు ఇంగ్లీషులో మాట కావాలా? తెలుగులో ఇంగ్లీషు క్రియ ఏదైనా వాడాలంటే మనం 'చేయి' తగిలిస్తాం. వెయిట్ చేయి, డిస్కస్ చేశాం, ప్రాక్టీస్ చేస్తున్నా. తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఆ తోకను కత్తిరించేయాలి. 'ఐ యామ్ డూయింగ్ ప్రాక్టీస్' కాదు, 'ఐ యామ్ ప్రాక్టీసింగ్'. ఇంకొన్నిచోట్ల 'చేయు' బదులు హావ్ వస్తుంది: స్నానం చేయడం 'హావ్ ఎ బాత్', పార్టీ చేసుకోవడం 'హావ్ ఎ పార్టీ'. టిఫిన్ చేశారా అన్నదానికి 'డిడ్ యూ డూ టిఫిన్?' అని ఎవరూ అనరు గానీ 'డిడ్ యూ టేక్ టిఫిన్?' అంటారు. 'హావ్ యూ హాడ్ బ్రేక్‌ఫస్ట్?' సహజం. పెళ్లి చేసుకోవడం మ్యారీ, పక్కన 'విత్' వద్దు: 'షీ మ్యారీడ్ హిమ్', లేదా 'షీ గాట్ మ్యారీడ్ టు హిమ్'.

ఏడో అడుగు: ముందు తెలుగులోనే ఇంకో మాటతో చెప్పి చూడండి

పై ప్రశ్నలకు లొంగనివి మిగులుతాయి. వాటికి ఇదే మందు. తెలుగు క్రియ తీసేసి, అదే సంగతిని ఇంకో తెలుగు మాటతో చెప్పండి. ఆ రెండో మాటే ఇంగ్లీషు క్రియకు దారి చూపిస్తుంది.

'చేరాడు' తీసుకోండి. ఊరు చేరాడు, అంటే అక్కడికి వెళ్లాడు: 'రీచ్డ్ ది విలేజ్', లేదా 'అరైవ్డ్ ఇన్ ది విలేజ్'. రీచ్ పక్కన 'టు' ఉండదు. ఉద్యోగంలో చేరాడు, అంటే సభ్యుడయ్యాడు: 'జాయిన్డ్ ది కంపెనీ', ఇక్కడ 'ఇన్' ఉండదు. ఆస్పత్రిలో చేరాడు, అంటే రోగిగా చేర్చుకున్నారు: 'వాజ్ అడ్మిటెడ్ టు హాస్పిటల్'. ఈ మూడోదాని దగ్గర 'జాయిన్డ్ ది హాస్పిటల్' అని మెసేజ్ పెడితే, కొత్త ఉద్యోగానికి అభినందనలు వస్తాయి.

'చదువుతున్నాడు' అంతే. పేపర్ చదువుతున్నాడు: 'రీడింగ్'. ఏడో తరగతి చదువుతున్నాడు: 'హీ ఈజ్ ఇన్ సెవెంత్ క్లాస్'. బీటెక్ చదువుతున్నాడు: 'స్టడీయింగ్'. కొన్ని బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో 'రీడింగ్ లా' అనే పాత వాడుక ఇంకా బతికే ఉంది, అది చూసి మోసపోవద్దు. చదువు పూర్తవడం గ్రాడ్యుయేట్. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అని అమెరికా ఇంటర్వ్యూలో అంటే స్పృహ తప్పి పడిపోయారని వినిపిస్తుంది.

'పెట్టు', 'ఉంచు' మనం కలిపేస్తాం. బల్ల మీద పెట్టడం పుట్, అక్కడే ఉంచడం కీప్. 'కీప్ ది కప్ ఆన్ ది టేబుల్' అంటే తీయకుండా అక్కడే ఉంచమని. లైటు 'వేయి', 'తీసేయి'ని కూడా తిరగరాసుకోవాలి. అది స్విచ్ పని కాబట్టి టర్న్ ఆన్, టర్న్ ఆఫ్. ఓపెన్, క్లోజ్ తలుపులకు, డబ్బాలకు.

'కాదన్నాడు' దగ్గర ఇంగ్లీషుకు నాలుగు క్రియలున్నాయి, తెలుగులో ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాటేదో అడిగితే తేలిపోతుంది. 'నేను చేయలేదు' అన్నాడా? డినై. 'నేను చేయను' అన్నాడా? రెఫ్యూజ్. ఇచ్చినదాన్ని 'ఇది పనికిరాదు' అని తోసేశాడా? రిజెక్ట్. పిలుపును 'ఏమనుకోకండి, రాలేను' అని మర్యాదగా కాదన్నాడా? డిక్లైన్. 'హీ డినైడ్ టు కమ్' అనే తప్పు పోవాలంటే 'రాను' అన్నాడని గుర్తుచేసుకుంటే సరిపోతుంది.

'అనుమానం' దగ్గర పొరపాటు పడితే అర్థం తలకిందులవుతుంది. 'ఐ సస్పెక్ట్ హీ టుక్ ఇట్' అంటే వాడే తీశాడని నా నమ్మకం. 'ఐ డౌట్ హీ టుక్ ఇట్' అంటే వాడు తీసి ఉండడని నా నమ్మకం. తెలుగు వాక్యంలో ప్రశ్న దాగుందేమో చూడండి. 'తీశాడని అనుమానం' అంటే సస్పెక్ట్. 'వస్తాడా అని అనుమానం' అంటే డౌట్. ఆ 'ఆ' అక్షరమే గుర్తు. ఇక క్లాసులో 'ఐ హావ్ ఎ డౌట్' అనేది మన దేశపు వాడుక. బయట 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనండి, లేకపోతే పాఠం చెప్పేవాళ్లు మీరు తమను నమ్మడం లేదనుకోవచ్చు.

సరిచూసుకోవడం ఎలా?

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అర్థానికి మంచిది, ఎంపికకు చాలదు. నేర్చుకునేవాళ్ల కోసం తయారైన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ ఇంగ్లీషు నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో అర్థం దాటి కిందికి వెళ్లండి. 'ట్రాన్సిటివ్' అని గానీ 'టీ' అనే గుర్తు గానీ ఉంటే పక్కన వస్తువో మనిషో కావాలి. 'ఇన్‌ట్రాన్సిటివ్', 'ఐ' ఉంటే అక్కర్లేదు. ఆపైన 'ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ', 'టెల్ సమ్‌బడీ సమ్‌థింగ్' లాంటి అచ్చులు కనిపిస్తాయి. మొదటి అడుగులో చెప్పిన రెండు కుటుంబాలూ ఈ అచ్చుల్లోనే ఉన్నాయి. ఉదాహరణ వాక్యాలు కనీసం మూడు చదవండి. ఒక్కటి చదివితే అది మినహాయింపే కావచ్చు.

రెండు జోడుమాటల్లో ఏది వాడుకో తేల్చుకోవాలంటే పుస్తకాల్లో ఏ మాట ఎంత తరచుగా వచ్చిందో చూపే గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో కామా పెట్టి రెండూ ఇవ్వండి. అమెరికన్, బ్రిటిష్ ఇంగ్లీషును విడివిడిగా ఎంచుకునే వీలుంది. మామూలు గూగుల్ శోధనలో వచ్చే ఫలితాల సంఖ్యను మాత్రం నమ్మకండి. తప్పు వాడుక కూడా లక్షల్లో కనిపిస్తుంది, అందులో ఆ తప్పు గురించి హెచ్చరించే పేజీలూ కలిసి ఉంటాయి. అమెరికన్ వాడుకకు కోకా అనే కార్పస్, అంటే జనం నిజంగా వాడిన భాషను పోగుచేసిన భాండాగారం, ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. 1990 నుంచి 2019 వరకు వచ్చిన రాతల నుంచి, మాటల నుంచి తీసిన 100 కోట్లకు పైగా పదాలు అందులో ఉన్నాయి. పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా వెతకవచ్చు, రోజుకు కొంత పరిమితి ఉంటుంది.

నోటుపుస్తకంలో 'లెండ్ = అప్పు ఇచ్చు' అని రాయడం మానేయండి. 'లెండ్ మీ 500', 'బారో 500 ఫ్రమ్ హర్' అని పక్కపక్కన పూర్తి ముక్కలు రాయండి. క్రియతో పాటు దాని 'టు', 'ఫ్రమ్', 'ఫర్' కూడా ఒకే మాటలా అలవాటవ్వాలి.

అన్నీ అయ్యాక కూడా రెండు క్రియలు సమంగా నిలబడితే, మామూలుదాన్ని తీసుకోండి. పర్చేస్ కంటే బై, కమెన్స్ కంటే స్టార్ట్, రిసైడ్ కంటే లివ్. మన ఆఫీసు ఉత్తరాల్లో బరువైన క్రియకు మర్యాద ఎక్కువని ఒక భ్రమ ఉంది. బిగిన్, స్టార్ట్ చాలాచోట్ల ఒకటే. కానీ బండికి, యంత్రానికి మాత్రం స్టార్ట్ తప్ప మరొకటి నడవదు: 'ది కార్ వోంట్ స్టార్ట్'.